లెన్సు తుడిచిన నిమిషం

ఆ జంతువుల ఆసుపత్రిలో అతన్ని అందరూ కెమెరా బాబాయి అనేవారు. హాజరు పుస్తకంలో తప్ప అసలు పేరు ఎక్కడా వినబడేది కాదు. వరసకి అతను ఎవరికీ బాబాయి కాడు. పెళ్ళి చేసుకోలేదు, అన్న లేడు, అన్న పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఒక్క అక్క. అయినా కుక్కల్ని తీసుకొచ్చేవాళ్ళ దగ్గర్నుంచి డాక్టరమ్మ దాకా బాబాయ్ అనే పిలిచేవారు, అతనూ పలికేవాడు.

అతని ఉద్యోగం కుక్కల కడుపులో కెమెరా పట్టుకోవడం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మూతి విరిచేవాళ్ళు ఉంటారు, వాళ్ళని విరుచుకోనివ్వండి. పూర్వం కుక్క పేగులో గడ్డ ఉందంటే పక్కటెముకల కింద నుంచి తొడల దాకా కోసి తెరిచేవారు. కుక్క బతికినా ఆ కోత మానేసరికి దానికీ, పెంచేవాళ్ళకీ ప్రాణం తోకకొచ్చేది. ఇక్కడ అలా కాదు. వేలు పట్టేంత కంతలు మూడు పెడతారు. గాలి కొట్టి కడుపుని డేరాలా లేపుతారు. ఒక కంతలోంచి సన్నటి గొట్టం లోపలికి వెళుతుంది, దాని చివర దీపం, లెన్సు. లోపలున్నదంతా గోడ మీది తెరలో కనిపిస్తుంది, కంప్యూటరులో రికార్డూ అవుతుంది. డాక్టరమ్మ మిగతా రెండు కంతల్లోంచి పనిముట్లు పంపి, తెర చూస్తూ, గడ్డ ఉన్న పేగుముక్కని వెతికి పట్టుకుంటుంది. మూడు వేళ్ళ వెడల్పు కోతలోంచి దాన్ని బయటికి లాగి, గడ్డని కోసేసి, రెండు కొసలూ కలిపి కుట్టి, మళ్ళీ లోపలికి తోసేస్తుంది. మూడో రోజుకి కుక్క తన కాళ్ళ మీద తను ఇంటికి పోతుంది.

ఇందులో డాక్టరమ్మ చేతులు ఎంత ముఖ్యమో కెమెరా పట్టిన చెయ్యీ అంతే. ఆ చెయ్యి వణికితే తెర వణుకుతుంది, తెర వణికితే కత్తి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి.

అతను అక్కడ చేరింది బోనులు కడగడానికి. పదహారేళ్ళ కిందట ఒక ఉదయం కెమెరా పట్టే మనిషి జ్వరంతో రాలేదు. డాక్టరమ్మ విసుగ్గా తలుపు తీసి చూసేసరికి నడవాలో ఇతను అంచుదాకా నిండిన బకెట్టు మోసుకుపోతున్నాడు. నేల మీద చుక్క పడలేదు. ఆవిడ కాసేపు ఆ బకెట్టునే చూసి, "దాన్ని అక్కడ పెట్టు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని రా," అంది. ఆ రోజు తర్వాత వేరేవాళ్ళు కెమెరా పట్టుకుంటే ఆవిడకి తల తిరిగేది.

పనికి నియమాలు ఉండేవి. లెన్సుని ముందు వేడినీళ్ళ ఫ్లాస్కులో ఉంచాలి, లేకపోతే కడుపులో వేడికి మసకేస్తుంది. తెరలో బొమ్మ వంకర పోకూడదు. డాక్టరమ్మ అడిగితే తప్ప మాట్లాడకూడదు. వీటన్నిటికంటే పెద్దది చుట్టు. కత్తి పట్టేముందు లోపలంతా ఒక చుట్టు తిరిగి చూపించాలి. కాలేయం, పిత్తం తిత్తి, జీర్ణాశయం, ప్లీహం, మూత్రాశయం. ఆవిడ ఒక్కొక్కటే పేరు చెబుతుంది, ఇతను ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి, ముందూ వెనకా చూపించి, పక్కదానికి కదులుతాడు. గడ్డ ఇంకెక్కడికైనా పాకిందా అని తెలిసేది ఆ చుట్టులోనే.

"నువ్వు చూపించకపోతే నాకు అది లేనట్టే బాబాయ్," అనేది డాక్టరమ్మ. నవ్వుతూనే అనేది. అతను మాత్రం నవ్వేవాడు కాదు. పదహారేళ్ళలో తను చూసి చూపించనిది ఒక్కటంటే ఒక్కటి లేదని అతనికి లోలోపల గొప్ప గర్వం.

అక్క అతనికంటే ఏడేళ్ళు పెద్ద. బట్టలు కుట్టేది. ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. తల్లి మంచాన పడి ఏడాదిన్నర తీసుకుని పోయాక ఇతన్ని బడికి పంపిందీ, ఒళ్ళు చీరేసిందీ, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుందీ ఆవిడే. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. కొత్తవాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, తమ్ముడికి అన్నీ అర్థమయ్యేవి.

ఆవిడ కుక్క పేరు గుండీ. పిల్లగా వచ్చిన మొదటిరోజే ఎవరిదో కోటు గుండీ మింగేసి, రెండు రోజులు అందర్నీ హడలగొట్టి, మూడో రోజు ఏమీ ఎరగనట్టు వదిలిపెట్టాడు. ఆ పేరే నిలిచింది. నలుపు మీద తెల్ల మచ్చలు, పొట్టి కాళ్ళు. తొమ్మిదేళ్ళుగా కుట్టుమిషను కిందే వాడి నివాసం. అక్క రోజంతా వాడితో పోట్లాడుతూనే ఉండేది. "జరగరా వెధవా, కాలు పెట్టనీ," అనేది. వాడు జరిగేవాడు కాదు, ఆవిడే కాలు పక్కకి పెట్టుకుని తొక్కేది.

అలాంటివాడు ఒక నెలలో సగం అయిపోయాడు. తిన్నది కక్కేవాడు, తర్వాత తినడమే మానేశాడు. అలిగాడనుకుంది అక్క. తమ్ముడు ఒక సాయంత్రం వచ్చి వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఊరికే కడుపు తడిమాడు. వేళ్ళ కింద ఏదో గట్టిగా తగిలి పక్కకి జారింది. అలాంటివి ఆ చేతులు ఎన్నో చూశాయి.

"ఏంట్రా, మొహం అలా పెట్టావు?" అంది అక్క.

"ఏం లేదు. రేపు ఓసారి ఆసుపత్రికి తీసుకురా."

"ఏం లేనిదానికి ఆసుపత్రి ఎందుకు?"

ఆవిడ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకుంది.

స్కానులో చిన్నపేగు మీద గడ్డ స్పష్టంగా కనిపించింది. డాక్టరమ్మ అక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా విడమర్చి చెప్పింది. కంతల్లోంచి తీసేయొచ్చని, చాలామట్టుకు కోలుకుంటాయని చెప్పింది. ఆఖర్న ఒక మాట అంది.

"ఇంకెక్కడికైనా పాకిందా లేదా అన్నది మాత్రం లోపలికి వెళ్ళి చూస్తేగానీ తెలీదమ్మా. స్కానులో అన్నీ దొరకవు. ఒకవేళ పాకి ఉంటే, గడ్డ తీసినా వాడికి ఎక్కువ రోజులుండవు. ఉన్నన్నాళ్ళూ బాధే. అప్పుడేం చెయ్యమంటారో ముందే చెప్పాలి."

అక్క మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. తీయడం మర్చిపోయి వచ్చేసింది. దాని కొసని వేలికి చుట్టుకుంది.

"పాకి ఉంటే వాణ్ణి లేపకండి డాక్టరమ్మా. ఆ మత్తులోనే పోనివ్వండి. మా అమ్మ ఎలా పోయిందో నేను చూశాను. ఆ మూలుగు మళ్ళీ వినే ఓపిక నాకు లేదు."

"అక్కా, తొందరపడకు," అన్నాడు తమ్ముడు వెనక నుంచి.

"నువ్వు ఊరుకోరా. నీ పని నువ్వు చూసుకో, అంతే."

కాగితం మీద ఆవిడే రాసింది. పాకి ఉంటే లేపవద్దు అని రాసి సంతకం పెట్టింది. తమ్ముడు భుజం మీంచి చదివాడు. ఆవిడ చేతిరాత కుట్టులాగే తిన్నగా ఉంటుంది, ఆ రోజు రెండు అక్షరాలు గీత దిగిపోయాయి.

ఆవిడ వెళ్ళాక డాక్టరమ్మ అతన్ని ఆపింది. "మీ అక్క కుక్క. ఈ ఒక్కసారికీ ఇంకొకరిని పట్టుకోమంటాను. నువ్వు బయట ఆవిడ దగ్గర కూర్చో."

"వద్దమ్మా, నేనే పడతాను," అన్నాడు.

కూర్చుని ఉండాల్సింది. పదహారేళ్ళు తప్పు చెయ్యని మనిషికి తనమీద తనకి అంత నమ్మకం ఎందుకుండకూడదూ అనుకోండి. కానీ ఆ కాగితం చదివిన క్షణం నుంచీ లేపవద్దు అన్న మాట అతన్ని వదల్లేదు. రాత్రంతా అదే మాట. పొద్దున్న చేతులు కడుక్కుంటున్నప్పుడూ అదే.

తొమ్మిదింటికి గుండీని బల్లమీద పడుకోబెట్టారు. కడుపు గొరిగేశారు. అంత అల్లరివాడు నాలుక పక్కకి వేలాడేసుకుని, నాలుగు కాళ్ళూ పైకి పెట్టి పడుకుంటే బాబాయికి చూడబుద్ధి కాలేదు. మత్తు డాక్టరు తలవైపు కూర్చుని, "మీవాడు గురక పెడుతున్నాడు బాబాయ్, నాకే నిద్రొస్తోంది," అన్నాడు. గాలి పట్టింది, కడుపు లేచింది. బాబాయి ఫ్లాస్కులోంచి గొట్టం తీసి, తుడిచి, లోపలికి పంపాడు.

"కాలేయం," అంది డాక్టరమ్మ.

తెర మీద నల్లగా ఎర్రగా నిగనిగలాడే కాలేయం వచ్చింది. కుడిపక్క రెక్కలు నునుపుగా ఉన్నాయి. అతను మెల్లగా ఎడమకి జరిగాడు. సరిగ్గా అప్పుడే రెండో కంత దగ్గర గాలి బుసబుసమంటూ బయటికి పోవడం మొదలైంది. డాక్టరమ్మ చిరాకుపడి, తెర మీంచి చూపు దించి, ఆ కంత చుట్టూ దారం బిగించడానికి వంగింది.

ఎడమ రెక్క కొసన తెల్లటి చుక్క ఒకటి అతనికి కనిపించింది.

పెసరగింజంత ఉంది. పాలిపోయి, చుట్టూ ఉన్న ఎరుపులో ఎబ్బెట్టుగా ఉంది. అతని పని అతనికి తెలుసు. దగ్గరికి వెళ్ళాలి. రెక్క వెనక్కి తిరిగి చూడాలి. ఇంకా ఉన్నాయా లెక్క చూడాలి. డాక్టరమ్మా అని పిలవాలి. ఇంతకుముందు పాకినవి అతను చూశాడు, కాలేయమంతా పిండి చల్లినట్టు ఉండేది. ఇక్కడ కనిపించింది ఒకటే. కానీ ఆ నిమిషంలో అతను చూసింది కాలేయాన్ని కాదు, అక్క రాసిన కాగితాన్ని. లేపవద్దు. ఆ రెండు అక్షరాలు గీత దిగిపోయి ఉన్న కాగితం.

ఆవిడ ఇంకో ముడి వేస్తోంది. తల ఎత్తడానికి ఒక్క క్షణం పడుతుంది.

అతను గొట్టం కొసని పక్కనున్న కొవ్వులో ముంచాడు. తెర అంతా పాలు పోసినట్టు తెల్లబారిపోయింది.

"లెన్సు మసకేసిందమ్మా," అన్నాడు.

"ఆఁ, తుడువు," అందావిడ తల ఎత్తకుండానే.

గొట్టం బయటికి లాగాడు. ఫ్లాస్కులో పెట్టాడు. గాజుగుడ్డతో తుడిచాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తుడిచాడు. అంతకంటే మెల్లగా లెన్సు తుడిచినవాడు ఉండడు. తిరిగి లోపలికి పంపినప్పుడు తిన్నగా జీర్ణాశయం మీదికి పంపాడు. డాక్టరమ్మ నడుం నిటారుగా చేసుకుని తెరకేసి చూసింది.

"కాలేయం అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. బాగుంది."

ఆవిడ సరేనంది. పదహారేళ్ళుగా ఆ మనిషి కన్ను వెనకాలే నడిచిన మనిషి, ఆ రోజు మాత్రం ఎందుకు వెనక్కి తిరుగుతుంది? మిగతా చుట్టు అంతా అద్దంలో చూపించినట్టు చూపించాడు. పేగుముక్క దొరికింది, బయటికొచ్చింది. గడ్డకి అటూ ఇటూ మంచి పేగు కూడా కొంత కలిపి కోసింది. గడ్డ పాకితే ముందుగా చేరేది పక్కనున్న గ్రంథిలోకే, దాని ముక్క కూడా పరీక్షకి తీసింది. కుట్టాక నీళ్ళు ఎక్కించి, కారడం లేదని చూసుకుని లోపలికి పంపింది. "ఇంత శుభ్రంగా ఈ ఏడాదిలో ఒక్కటీ చెయ్యలేదు," అంది చేతి తొడుగులు విప్పుతూ.

బాబాయి బయటికి వెళ్ళి అక్కకి చెప్పాడు. "అయిపోయింది. లేస్తాడు."

"పాకలేదా?"

"లేదు."

అక్క అతని చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. "నీ చెయ్యి చల్లగుండ," అంది. ఎప్పుడూ తిట్టే మనిషి. అతనికి ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. గడ్డ చెడ్డ జాతిదే, కానీ కోసిన అంచులు రెండూ శుభ్రంగా ఉన్నాయి. గ్రంథిలోకీ రాలేదు. డాక్టరమ్మ ఆ కాగితం ఊపుకుంటూ బోనుల గదిలోకి వచ్చి మరీ చెప్పింది. "గ్రంథిలో కూడా లేదు బాబాయ్. మంచి టైములో పట్టాం."

గ్రంథిలో లేకపోతే మరి ఆ చుక్క ఏమిటి? ఆ ప్రశ్న అతనికి వచ్చింది. అడిగేసి ఉంటే సరిపోయేది. మధ్యాహ్నం ఆవిడ గది తలుపు దాకా వెళ్ళాడు. ఆవిడ ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. "ఏం లేదమ్మా, ఊరికే," అని వెనక్కి వచ్చేశాడు. ఏం లేదు అనే మాట అతనికి ఈమధ్య బాగా అలవాటైంది.

గుండీ కోలుకున్నాడు. అలా ఇలా కాదు, ఒళ్ళు చేశాడు. వీధిలో సైకిళ్ళ వెంట పడడం మళ్ళీ మొదలుపెట్టాడు. మిషను కింద చోటు చాలక వాడి వెనక భాగం బయటికి వచ్చేది. చూసినవాళ్ళందరూ ముచ్చటపడ్డారు. బాబాయి ఒక్కడే వాడు గిన్నె ఖాళీ చేసిన ప్రతిసారీ భయపడ్డాడు. వాడు మామూలు కంటే పది నిమిషాలు ఎక్కువ నిద్రపోయినా భయమే, పడుకోకుండా తిరిగినా భయమే. పనికి వెళ్ళేముందు రోజూ అక్క ఇంటికి వచ్చి, వాడి పెదవి ఎత్తి చిగుళ్ళు చూసేవాడు. కంటి రెప్ప కిందికి లాగి పసుపు తిరిగిందేమో చూసేవాడు. కడుపు తడిమేవాడు కాదు. చేతులు అటువైపు వెళ్ళబోతే జేబులో పెట్టుకునేవాడు.

"నువ్వు వచ్చేది నన్ను చూడ్డానికా, వీడి పళ్ళు లెక్కెట్టడానికా?" అనేది అక్క.

"నిన్నే."

"ఏడిశావులే. నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో చెప్పు చూద్దాం."

నిజమే, అతను అక్క మొహంలోకి తిన్నగా చూసి చాలా రోజులైంది. పక్కన ఇస్త్రీ చేసే ఆయన, అక్క కుట్టిన బట్టల కోసం వచ్చినప్పుడల్లా ఆవిడ ఈ కథ మొదలుపెట్టేది. "మా తమ్ముడు వీడి కడుపంతా టీవీలో చూశాడండీ. లోపల చీమంత ఉన్నా వదలడు మావాడు. వాడు చూసి లేదన్నాడంటే లేదంతే. నాకు బెంగలేదు." ఇస్త్రీ ఆయన మెచ్చుకోలుగా తలాడించేవాడు. బాబాయి టీ సగంలోనే గ్లాసు కిందపెట్టి లేచేవాడు.

మూడు నెలలకి మళ్ళీ స్కాను చెయ్యాలి. ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్క తమ్ముణ్ణి అడిగింది. "వెళ్ళాలంటావా? ఆ గేటు దగ్గరికి రాగానే వణికి చస్తున్నాడు వెధవ."

స్కాను చేస్తే కాలేయం చూస్తారు. చూస్తే తెలుస్తుంది. తెలిస్తే అంతా అయిపోతుంది. అతనికి ఇంతవరకే తోచింది.

"బాగానే ఉన్నాడుగా. వచ్చే నెల చూద్దాం," అన్నాడు.

ఏం మనిషండీ. తన చేత్తోనే తెరిపించాల్సిన తలుపుని తన చేత్తోనే రెండోసారి మూశాడు. అక్క హాయిగా ఊపిరి పీల్చుకుని మిషను తొక్కింది. వచ్చే నెల కూడా అదే మాట, ఆ తర్వాతి నెలా అదే. ఇక ఆసుపత్రివాళ్ళూ ఫోను చెయ్యడం మానేశారు. వాళ్ళ మనిషి ఇంటి కుక్కే కదా అనుకుని ఉంటారు.

ఆసుపత్రిలో మాత్రం అతను మరీ చాదస్తంగా తయారయ్యాడు. ఎవరి కుక్క కడుపులోకి వెళ్ళినా చుట్టు ఒకటికి రెండుసార్లు తిరిగేవాడు. కాలేయం దగ్గర ప్రతి రెక్కా ఎత్తించి, తిప్పించి, వెనకాల చూపించి గానీ కదిలేవాడు కాదు. "ఏం బాబాయ్, కొత్తగా చూస్తున్నావా?" అని డాక్టరమ్మ వేళాకోళం చేసేది. ఒకసారి ఒక ముసలి కుక్క కాలేయం మీద ఇలాంటి చుక్కే కనిపించింది. చూపించాడు. ఆవిడ ముక్క తీసి పరీక్షకి పంపింది, వయసు ముదిరిన కుక్కలకి వచ్చే మామూలు బొడిపె అని తేలింది. ఆ రోజు అతను ఇంటికి ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. అయితే గుండీదీ అదే అయ్యుంటుందని సంతోషించాడు. ఆ సంతోషం ఒక పూటే ఉంది. చూడలేదుగా, చూడకుండా ఎలా చెప్పగలవు అని సాయంత్రానికి మళ్ళీ మొదటికొచ్చాడు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం పన్నెండింటికి ఫోను మోగింది. అక్క గొంతు ఎత్తలేదు, ఏడవలేదు. "వీడు లేవట్లేదు రా," అంది. అంతే.

అక్కా, ఇస్త్రీ ఆయనా కలిసి వాణ్ణి దుప్పట్లో వేసుకుని టాక్సీలో తెచ్చారు. బాబాయి గేటు దగ్గరే అందుకున్నాడు. అలవాటు కొద్దీ పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళు సుద్దలా ఉన్నాయి. కడుపు బిగిసి ఉబ్బి ఉంది. డాక్టరమ్మ సూది గుచ్చి లాగితే నెత్తురు వచ్చింది. స్కాను పెట్టి రెండు క్షణాలు చూసి, "కాలేయం మీద గడ్డ. పగిలింది. బల్ల మీదికి ఎక్కించండి," అంది.

ఈసారి కంతలు లేవు. కెమెరా లేదు. ఒక్క గాటుతో పైనుంచి కిందదాకా తెరిచింది. బాబాయికి పని లేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతులు ఏం చెయ్యాలో తెలియక పక్కన వేలాడుతున్నాయి. డాక్టరమ్మ నెత్తురు పీల్పించి, లోపలికి చెయ్యి పెట్టి, దాన్ని పైకి తీసింది. బత్తాయంత ఉంది. ఎడమ రెక్క కొసకి సన్నటి కాడతో వేలాడుతోంది. ఒకపక్క చీలిపోయింది. ఆవిడ కాడకి పట్టకారు వేసి కోసేసింది. పట్టుమని రెండు నిమిషాలు పట్టలేదు. తర్వాత వేళ్ళతో మిగతా రెక్కలన్నీ తడిమింది, పాత పేగు కుట్టు చూసింది, ప్లీహం చూసింది.

"ఇంకెక్కడా లేదు," అంది ఆశ్చర్యంగా. "అంతా శుభ్రంగా ఉంది. ఇదొక్కటే."

అప్పుడు మత్తు డాక్టరు, "గుండె ఆగింది," అన్నాడు.

ఇరవై నిమిషాలు రొమ్ము నొక్కారు. మందులు వేశారు, నెత్తురు ఎక్కించారు. కారిపోయింది చాలా ఉంది. చివరికి మత్తు డాక్టరు చేతులు వెనక్కి తీసుకుని తల అడ్డంగా ఊపాడు. బాబాయి గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

చేతిలో జంతువు పోయినప్పుడు పాత రికార్డింగు తీసి చూడడం డాక్టరమ్మకి అలవాటు. నెత్తుటి కోటు విప్పి పడేసి, పక్కగదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. "రా బాబాయ్, నీ కన్ను కావాలి," అంది. అతను వెళ్ళి కుర్చీ వెనక నిలబడ్డాడు.

ఏడు నెలల కిందటి కడుపు మళ్ళీ తెర మీదికి వచ్చింది. కుడి రెక్కలు వెళ్ళాయి. ఎడమ రెక్క మొదలైంది. ఆవిడ ఠక్కున ఆపి, రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ జరిపింది. చుక్క ఉంది. కదలకుండా, స్పష్టంగా ఉంది.

"ఇదుగో," అంది. "చూడు. కొసన ఉంది. కాడ మీద ఉంది. ఇది పాకింది కాదు బాబాయ్, పేగు గడ్డకీ దీనికీ సంబంధమే లేదు. వేరేది. ఆ రోజు కనబడి ఉంటే అదే కంతలోంచి ఒక్క క్లిప్పు వేసి తీసేసేదాన్ని. ఐదు నిమిషాల పని. ఇంకో నాలుగేళ్ళు బతికేవాడు."

రికార్డింగు వదిలింది. తెర తెల్లబారింది. ఫ్లాస్కు, గుడ్డ, మళ్ళీ ఫ్లాస్కు, మళ్ళీ గుడ్డ కనబడి, నిమిషం పైన గడిచాక జీర్ణాశయం వచ్చింది.

"మన ఖర్మ చూడు, సరిగ్గా అప్పుడే లెన్సు మసకేసింది," అంది. మొహం రుద్దుకుంది. "నీ తప్పేం లేదు. నేను కంత దగ్గర వంగాను. మళ్ళీ కాలేయం నుంచి మొదలుపెట్టమనాల్సింది, అనలేదు. మూడో నెల స్కానుకి పట్టుబట్టాల్సింది, పట్టలేదు. మీ అక్కకి నేనే చెబుతాను."

లేచి నడిచింది. ఆవిడ పట్టించుకోకుండా పని చేసిన రోజు ఒక్కటీ బాబాయికి తెలియదు. ఆ మనిషి తలుపు తీసుకుని, చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి వెళుతోంది. నోరు మూసుకుంటే అయిపోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అతను వెనకే వెళ్ళాడు.

అక్క బెంచీ మీద దుప్పటి మడతపెట్టుకుని కూర్చుంది. వాళ్ళ మొహాలు చూడగానే అర్థమైపోయింది. లేవలేదు.

"అమ్మా," అంది డాక్టరమ్మ, "వాణ్ణి నిలబెట్టలేకపోయాం. ఇంకో సంగతి చెప్పాలి. మొదటిసారి ఆపరేషనులో నేను..."

"డాక్టరమ్మ చూడలేదక్కా," అన్నాడు బాబాయి. "నేను చూశాను. కాలేయం మీద చుక్క ఉంది. నేను చూసి చూపించలేదు. లెన్సు మసకెయ్యలేదు, నేనే కొవ్వులో ముంచాను."

డాక్టరమ్మ అతనికేసి తిరిగింది.

"చూపిస్తే వాణ్ణి లేపరని భయపడ్డానక్కా. పాకిందనుకున్నాను. పాకలేదు. అది వేరే గడ్డట. ఆ రోజు చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో తీసేసేవారట. స్కాను కూడా నేనే వద్దన్నాను."

అక్క దుప్పటి అంచుని వేళ్ళతో సరిచేసింది. తిడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"నన్ను అడగాల్సింది రా," అంది చివరికి. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆ కాగితం రాసిన దగ్గర్నుంచీ నాకు స్తిమితం లేదు. వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాక ఇక్కడే కూర్చున్నాను, ఇదే బెంచీ మీద. తలుపు తోసుకుని వచ్చి, ఆ కాగితం చించెయ్యండి, ఏమున్నా సరే వాణ్ణి లేపండి అని చెప్పెయ్యాలని పదిసార్లు లేచాను. లోపల నువ్వున్నావుగా అని మళ్ళీ కూర్చున్నాను."